మీరు పంపింది పంపినట్టే అందాలంటే: ఈమెయిల్ ఫార్మాటింగ్, అటాచ్‌మెంట్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చక్కగా సర్ది పంపిన మెయిల్ అవతలి వాళ్ల దగ్గర చెల్లాచెదురుగా కనిపిస్తోందట. ఎందుకని?

మెయిల్ ఫొటో లాంటిది కాదు. మీ దగ్గర్నుంచి వెళ్లేవి రెండే: మీరు రాసిన అక్షరాలు, వాటితోపాటు "ఈ ముక్క బోల్డ్‌లో ఉండాలి, ఈ బొమ్మ ఇక్కడ రావాలి" అనే సూచనలు. ఆ సూచనలు చదువుకుని మెయిల్‌ను మళ్లీ మొదటి నుంచి గీసేది అవతలి వాళ్ల ప్రోగ్రామే. ఒక్కో ప్రోగ్రామ్‌ది ఒక్కో పద్ధతి. విండోస్‌లో ఎప్పటి నుంచో ఉన్న మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రామ్ క్లాసిక్ అవుట్‌లుక్, 2007 వెర్షన్ నుంచి మెయిల్‌ను వర్డ్ ఇంజిన్‌తో గీస్తోంది. అందుకే వెబ్ పేజీలో బాగా కనిపించే డిజైన్ అందులో కుదేలవుతుంది. కొత్త అవుట్‌లుక్ మళ్లీ బ్రౌజర్ దారికి వచ్చింది. జీమెయిల్ ఏమో ప్రమాదం అనిపించిన కోడ్‌ను ముందే తీసి పక్కన పెడుతుంది. ఇక అవతలి వాళ్ల దగ్గర మీరు వాడిన ఫాంట్ లేకపోతే దాని బదులు ఇంకోటి వచ్చి కూర్చుంటుంది, దాంతో లైన్లు అటూ ఇటూ జరుగుతాయి.

ఒక మాట ముందే చెప్పాలి. మెయిల్ సరిగా తెరుచుకోనప్పుడు అందుకున్న వాళ్లే మొహమాటపడుతుంటారు, "మా ఫోన్ పాతదండీ, అందుకే రావట్లేదేమో" అని. నిజానికి ఇలాంటి తేడాల్లో చాలావాటిని సరిచేయగలిగేది పంపే వాళ్లే. అందుకే ఈ జవాబుల్లో ఎక్కువ భాగం పంపే వాళ్లకోసం రాశాను.

పీడీఎఫ్ పంపామన్నారు. నాకు మాత్రం విన్‌మెయిల్.డాట్ అనే ఫైల్ వచ్చింది. ఇదేంటి?

అందరినీ ఎక్కువగా విసిగించేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

క్లాసిక్ అవుట్‌లుక్‌లో మెయిల్ రాయడానికి మూడు రకాల ఫార్మాట్‌లు ఉంటాయి: ప్లెయిన్ టెక్స్ట్, హెచ్‌టీఎంఎల్, రిచ్ టెక్స్ట్. మొదటి రెండూ అన్ని ప్రోగ్రాములకూ అర్థమవుతాయి. మూడోది మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతి. రిచ్ టెక్స్ట్‌లో పంపితే ఫార్మాటింగ్‌నూ, జతచేసిన ఫైళ్లనూ కలిపి ఒకే మూటగా కడుతుంది. ఆ మూటకు టీనెఫ్ అని పేరు. అవతల కూడా అవుట్‌లుక్ ఉంటే మూట దానంతటదే విప్పుకుంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు. లేకపోతే మూట మూటగానే విన్‌మెయిల్.డాట్ పేరుతో ఇన్‌బాక్స్‌లో పడి ఉంటుంది.

ఒకసారి నాకు రావాల్సిన రెండు పేజీల ఒప్పందం కోసం ఒక ఆఫీసును మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "పంపాం కదండీ" అనే అన్నారు. మూడుసార్లూ నాకు వచ్చింది ఈ మూటే. గడువు దగ్గర పడుతుంటే ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు. చివరికి వాళ్లు తమ సెంట్ ఫోల్డర్ స్క్రీన్‌షాట్ తీసి పంపారు. అందులో పీడీఎఫ్ పేరుతో సహా చక్కగా కనిపిస్తోంది. అంటే వాళ్లు చెప్పిందీ అబద్ధం కాదు. ఈ సమస్యలో అసలు చిక్కు అదే: పంపిన వాళ్ల తెర మీద తప్పేమీ కనిపించదు.

ముందు ఆ ఫైల్ సైజు చూడండి. కొన్ని కేబీలే ఉంటే దాదాపుగా అందులో ఉన్నది ఫార్మాటింగ్ మాత్రమే, మీరు పోగొట్టుకున్నదేమీ లేదు. పెద్దగా ఉంటే మీ పత్రాలు లోపలే ఉన్నాయి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకు దీన్ని విప్పే యాడ్-ఆన్లు ఉన్నాయి, ఫోన్‌లకూ కంప్యూటర్లకూ చిన్న చిన్న ప్రోగ్రాములూ దొరుకుతాయి. విప్పి పెడతామనే వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి కానీ ఒప్పందాలు, మెడికల్ రిపోర్టులు, బ్యాంకు కాగితాల లాంటివి వాటికి ఇవ్వకండి.

పంపే వాళ్లు చేయాల్సింది ఇది. క్లాసిక్ అవుట్‌లుక్‌లో ఫైల్, ఆప్షన్స్, మెయిల్ వరుసలో వెళ్లి మెసేజ్ రాసే ఫార్మాట్‌ను హెచ్‌టీఎంఎల్‌కు మార్చాలి. అదే పేజీలో కిందికి వెళ్తే, రిచ్ టెక్స్ట్ మెయిల్‌ను బయటి చిరునామాలకు పంపేటప్పుడు ఏం చేయాలన్న సెట్టింగ్ ఉంటుంది. అక్కడ కూడా హెచ్‌టీఎంఎల్‌కు మార్చు అన్నదే ఎంచుకోవాలి. ఇంత చేసినా ఒక్కరికే మూట వెళ్తోందంటే ఆ ఒక్కరి చిరునామాకు పాత సెట్టింగ్ అతుక్కుని ఉందన్నమాట. చిరునామా టైప్ చేస్తుంటే కింద వచ్చే సూచనను పక్కనున్న ఇంటూ గుర్తుతో తీసేసి, మొత్తం చిరునామాను చేత్తో మళ్లీ టైప్ చేయండి. ఆఫీసులో అందరిదీ ఇదే గోల అయితే సెట్టింగ్ సర్వర్‌లో ఉంటుంది, ఐటీ వాళ్లకు చెప్పాల్సిందే.

తెలుగులో రాసిన మెయిల్ పిచ్చి అక్షరాలతో వచ్చింది. మళ్లీ చదవగలమా?

ఏ రకం పిచ్చి అక్షరాలో చూస్తే జవాబు తెలుస్తుంది. ఇవి నాలుగు రకాలు, నాలుగింటికీ కారణాలు వేరు.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే అక్షరాలు భద్రంగానే వచ్చాయి, చూపించడానికి ఆ కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ లేదంతే. అదే మెయిల్‌ను ఫోన్‌లో తెరిస్తే చాలాసార్లు చక్కగా కనిపిస్తుంది.

నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, దాని పక్కనే డిగ్రీ గుర్తు గానీ ప్లస్-మైనస్ గుర్తు గానీ మళ్లీ మళ్లీ వస్తుంటే సంగతి వేరు. ఇప్పుడు తెలుగు వెళ్లేది యూటీఎఫ్-8 అనే పద్ధతిలో. అందులో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడేసి బైట్లు పడతాయి. 'తెలుగు' అనే మాటనే తీసుకోండి: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఆరు గుర్తులు, పద్దెనిమిది బైట్లు. అవతలి ప్రోగ్రామ్ ఇది యూటీఎఫ్-8 అని గుర్తించక, ఒక్కో బైట్‌నూ ఒక్కో పాశ్చాత్య అక్షరం అనుకుంటే మూడక్షరాల మాట పద్దెనిమిది ముక్కలవుతుంది. భయం లేదు, ఇది బాగయ్యే జబ్బే. థండర్‌బర్డ్‌లో వ్యూ మెనూలో రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్ నొక్కి చూడండి. క్లాసిక్ అవుట్‌లుక్‌లో మెయిల్‌ను విడిగా తెరిచి, యాక్షన్స్ కింద అదర్ యాక్షన్స్‌లో ఉండే ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కు మార్చండి.

వరుసగా ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం ఆశ లేదు. దారిలో ఏదో ప్రోగ్రామ్ తెలుగు అక్షరాలను తనకు తెలిసిన అక్షరాల్లోకి మార్చబోయి, కుదరక, ప్రతిదాని స్థానంలో ప్రశ్నార్థకం పెట్టేసింది. అసలు అక్షరాలు పోయాయి. మళ్లీ పంపమనడమే.

నాలుగోది, అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిసి ఉండడం. ఇది ఎక్కువగా డీటీపీ చేసిన ఫైళ్లలో కనిపిస్తుంది. అను లాంటి పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చి చూపిస్తాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే అది తెలుగు, ఇంకెక్కడ తెరిచినా ఇంగ్లిష్ కిచిడీ. అలాంటి పత్రాన్ని చదవడానికి మాత్రమే పంపుతుంటే పీడీఎఫ్ చేసి పంపండి, ఫాంట్ దానిలోనే ఇమిడి వెళ్తుంది. అవతలి వాళ్లు మార్పులు చేయాలంటే ముందు అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వాలి. మార్చాక ఒత్తులూ పొల్లులూ ఒకసారి కళ్లతో చూసుకోవాలి, అక్కడ తప్పులు దొర్లుతాయి.

మెయిల్ నిండా ఈక్వల్ గుర్తులు, 20, ఈ0 లాంటివి కనిపిస్తున్నాయి. వైరసా?

కాదు. 1982 నాటి మెయిల్ ప్రమాణాలు ఇంగ్లిష్ అక్షరాలను మాత్రమే దృష్టిలో పెట్టుకున్నవి. వేరే భాషలకు, బొమ్మలకు, ఫైళ్లకు వాటిలో చోటు లేదు. 1992లో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ రాసిన మైమ్ ప్రమాణం ఆ లోటు తీర్చింది. అందులో ఉపాయం ఏమిటంటే, పాత దారిలో పట్టని ప్రతిదాన్నీ పట్టే గుర్తుల్లోకి మార్చి పంపడం, చేరాక మళ్లీ మామూలుగా మార్చుకోవడం. మీరు చూస్తున్నది ఆ మధ్యలోని రూపం. ఈక్వల్ గుర్తు పక్కన 20 ఉంటే అది ఒక ఖాళీ. లైను చివర ఒంటరిగా ఈక్వల్ గుర్తు ఉంటే "లైను ఇంకా అయిపోలేదు" అని అర్థం, ఎందుకంటే ఈ పద్ధతిలో లైనుకు 76 గుర్తులకు మించకూడదు.

సబ్జెక్ట్ లైన్‌లో ఈక్వల్, ప్రశ్నార్థకం, యూటీఎఫ్-8 అంటూ మొదలయ్యే పొడవాటి చెత్త కనిపించినా ఇదే కథ. మీకు ఒక్కరి దగ్గర్నుంచి మాత్రమే ఇలా వస్తుంటే వాళ్లు మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్‌లోనే లోపం. బిల్లింగ్, రిమైండర్ సాఫ్ట్‌వేర్లలో ఇది మామూలే.

పరిమితి 25 ఎంబీ. నా ఫైల్ 20 ఎంబీయే. అయినా తిరిగొచ్చింది. అన్యాయం కదా?

లెక్క చూద్దాం. పైన చెప్పిన కారణంగానే అటాచ్‌మెంట్లు కూడా ఉన్నవి ఉన్నట్టు వెళ్లవు. బేస్64 అనే పద్ధతిలో ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి. మూడో వంతు అక్కడే పెరిగింది. లైన్ల చివర పడే గుర్తులు కూడా కలిపితే పెరుగుదల దాదాపు 37 శాతం. అంటే మీ 20 ఎంబీ దారిలో 27 ఎంబీ దాటింది. 25 పరిమితి ఉన్న చోట 18 వరకు ధైర్యంగా పంపొచ్చు. పైగా పరిమితి మీ వైపు ఒకటి, వాళ్ల వైపు ఒకటి ఉంటుంది. రెంటిలో ఏది చిన్నదైతే అదే అమలవుతుంది. చాలా ఆఫీసుల్లో అది 10 ఎంబీయే.

పెద్ద ఫైల్ అయితే గూగుల్ డ్రైవ్ లాంటి దానిలో పెట్టి లింక్ ఇవ్వడమే మంచిది. పంపేముందు ఆ లింక్‌ను ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూసుకోండి. మీ అకౌంట్‌లో లాగిన్ అయి ఉంటే మీకెప్పుడూ తెరుచుకుంటుంది, అవతలి వాళ్లకే "పర్మిషన్ అడగండి" అని వస్తుంది.

ఐఫోన్ నుంచి పంపిన ఫొటోలు విండోస్‌లో తెరుచుకోవట్లేదు.

2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ ఫొటోలు హీక్ అనే ఫార్మాట్‌లో సేవ్ అవుతున్నాయి. సైజు బాగా తగ్గుతుంది కానీ అన్ని చోట్లా తెరుచుకోదు. సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్ లోకి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకుంటే ఇకపై తీసేవి జేపెగ్‌లో వస్తాయి. ఇప్పటికే తీసినవి మారవు, వాటిని విడిగా మార్చి పంపాలి. ఫైల్ పేరు చివర హీక్ బదులు జేపీజీ అని రాసేస్తే మారిపోతుందని కొందరు అనుకుంటారు. పేరు మారుతుంది, లోపలున్నది మారదు.

యాపిల్ వాళ్ల పేజెస్, నంబర్స్, కీనోట్ ఫైళ్లు కూడా అంతే. పంపేముందు పీడీఎఫ్‌గానో వర్డ్, ఎక్సెల్‌గానో ఎక్స్‌పోర్ట్ చేయండి.

ఏటీటీ00001 పేరుతో ఏవో చిన్న చిన్న అటాచ్‌మెంట్లు వస్తున్నాయి. తెరవొచ్చా?

పంపినవాళ్లు యాపిల్ మెయిల్ వాడుతూ, నాలుగు మాటలు రాసి, మధ్యలో ఒక ఫైల్ పెట్టి, దాని కింద మళ్లీ నాలుగు మాటలు రాస్తే ఇలా అవుతుంటుంది. యాపిల్ మెయిల్ ఆ మెయిల్‌ను మాటలు, ఫైల్, మాటలు అని మూడు ముక్కలుగా పంపుతుంది. అవుట్‌లుక్ మొదటి ముక్కను మెయిల్‌గా చూపించి, మిగతా మాటల ముక్కకు తనే ఆ పేరు పెట్టి అటాచ్‌మెంట్ చేస్తుంది. ఒక్కోసారి అసలు విషయం, అంటే తేదీ మారిందనో సంతకం కావాలనో రాసిన వాక్యం, ఆ ముక్కలోనే చిక్కుకుపోతుంది. పంపిన వాళ్లేమో చెప్పేశామనుకుంటారు. అందుకే తెలిసిన వాళ్ల దగ్గర్నుంచి వస్తే పట్టించుకోకుండా వదిలేయకండి, ఏమైనా రాశారేమో అడగండి. తెలియని వాళ్ల నుంచి వస్తే తెరవకండి, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు.

యాపిల్ మెయిల్ వాడేవాళ్లు ఎడిట్ మెనూలో అటాచ్‌మెంట్స్ కింద, ఫైళ్లు ఎప్పుడూ మెయిల్ చివరే చేరేలా ఉన్న ఆప్షన్‌కు టిక్ పెట్టుకుంటే చాలు.

ఫైల్ పేరు తెలుగులో పెడితే అవతల నోనేమ్ అని వస్తోంది.

ఫైల్ పేరులో ఇంగ్లిష్ కాని అక్షరాలుంటే వాటిని రాసే ప్రమాణం ఒకటి ఉంది. అందరూ దాన్నే పాటించరు. పేరు అర్థం కానప్పుడు ప్రోగ్రామ్ తన ఇష్టమొచ్చిన పేరు పెడుతుంది, దాంతోపాటు పేరు చివర ఉండే పీడీఎఫ్, డాక్ఎక్స్ లాంటి తోక కూడా ఊడిపోతుంది. తోక లేని ఫైల్‌ను దేనితో తెరవాలో కంప్యూటర్‌కు తెలియదు. మీకు అలాంటిది వస్తే సేవ్ చేసుకుని, పేరు చివర చుక్క పెట్టి సరైన తోక తగిలించండి, తెరుచుకుంటుంది.

తెలుగులో పేరు పెట్టుకోకూడదని నేననను, నా ఫైళ్ల పేర్లన్నీ తెలుగులోనే ఉంటాయి. కానీ దరఖాస్తు, బిల్లు, కోర్టు కాగితం లాంటివి పంపేటప్పుడు పేరును ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో పొట్టిగా పెడతాను. జిప్ చేస్తే సరిపోతుందనుకోకండి. జిప్ లోపలి పేర్లు కూడా ఇలాగే పాడవుతాయి.

వర్డ్ ఫైల్ నా దగ్గర రెండు పేజీలు, వాళ్ల దగ్గర మూడు. ఎలా?

ఫాంట్ మారింది. కొత్త వర్డ్‌లో డిఫాల్ట్ ఫాంట్ ఆప్టోస్, అంతకుముందు 2007 నుంచి క్యాలిబ్రి. మీరు వాడింది అవతల లేకపోతే అక్షరాల వెడల్పు మారి, లైన్లు విరిగి, ఆఖరి రెండు లైన్లు మూడో పేజీకి జారతాయి. చదవడానికీ ప్రింటుకూ అయితే పీడీఎఫ్ పంపండి. వాళ్లు దిద్దాల్సిందైతే వర్డ్ ఫైల్, దాంతోపాటు ఇలా ఉండాలని చూపించే పీడీఎఫ్, రెండూ పంపండి.

వాక్యం చివర అకారణంగా ఇంగ్లిష్ జె అక్షరం. ఏంటది?

చిరునవ్వు. రాసినవాళ్లు కోలన్, బ్రాకెట్ కొడితే వర్డ్, అవుట్‌లుక్ దాన్ని వింగ్‌డింగ్స్ ఫాంట్‌లోని నవ్వు ముఖంగా మారుస్తాయి. ఆ ఫాంట్‌లో నవ్వు ముఖం ఉండేది జె స్థానంలో. ఫాంట్ లేని చోట జె మిగులుతుంది.

వర్డ్ నుంచో వెబ్ పేజీ నుంచో కాపీ చేసి పెడితే అక్షరాలు ఒక్కోచోట ఒక్కో సైజులో వస్తున్నాయి.

కాపీ చేసినప్పుడు అక్షరాలతోపాటు కంటికి కనిపించని స్టైల్ కోడ్ కూడా వచ్చి పడుతుంది. కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కితే ఉత్త అక్షరాలే వస్తాయి. ఆ తర్వాత కావాల్సిన బోల్డ్, లింకులు మీరే పెట్టుకోండి. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ ఎక్కడ తెరిచినా ఒకేలా ఉంటుంది.

వరుసలు కలపడానికి స్పేస్ బార్ కొట్టుకుంటూ పోకండి. మీ ఫాంట్‌లో తిన్నగా కనిపించిన అంకెల వరుస ఇంకో ఫాంట్‌లో మెట్ల దారిలా తయారవుతుంది. టేబుల్ పెట్టండి, లేదా ఎక్సెల్ ఫైల్ జతచేయండి.

మెయిల్‌లో బొమ్మలు కనిపించవు, లేదా కంపెనీ లోగో అటాచ్‌మెంట్‌గా వస్తుంది.

బొమ్మలు రెండు రకాలుగా వెళ్తాయి. కొన్ని వెబ్‌లో ఉంటాయి, మెయిల్ తెరిచాక అక్కడి నుంచి దిగుతాయి. ఎవరు ఎప్పుడు తెరిచారో తెలుసుకోవడానికి వీటిని వాడతారు కాబట్టి కొన్ని ప్రోగ్రాములు మీరు ఒప్పుకునేదాకా వీటిని చూపించవు. రెండో రకం మెయిల్‌లోనే ఇమిడి వస్తాయి. వీటిని కొన్ని ప్రోగ్రాములు ఇమేజ్001 లాంటి పేరుతో అటాచ్‌మెంట్ల వరుసలో పడేస్తాయి. సిగ్నేచర్‌లో లోగో ఉంటే ప్రతి జవాబుకూ ఒక పేపర్ క్లిప్ గుర్తు, అసలు ఫైల్ ఉన్న మెయిల్ వెతుక్కోలేక అవస్థ. నా సలహా: సిగ్నేచర్‌లో పేరు, హోదా, ఫోన్ నంబరు అక్షరాల్లోనే రాయండి. ఫోన్ నంబరును బొమ్మలో మాత్రం పెట్టకండి. కళ్లు కనిపించక స్క్రీన్ రీడర్‌తో చదివించుకునే వాళ్లకు ఆ నంబరు ఎప్పటికీ వినపడదు.

పొడవాటి మెయిల్ జీమెయిల్‌లో సగంలో ఆగిపోయింది.

మెయిల్ కోడ్ 102 కేబీ దాటితే జీమెయిల్ కత్తిరించి, కింద మొత్తం చూపించే లింక్ పెడుతుంది. ముఖ్యమైన మాట పైనే రాయండి.

ప్రోగ్రామ్ ఫైల్‌ను జిప్‌లో పెట్టి పంపినా ఆపేశారు.

జిప్ లోపల కూడా చూస్తారు. ఈఎక్స్‌ఈ, బ్యాట్, జేఎస్ లాంటివి వైరస్ భయంతో ఆపేస్తారు. తోక పేరు మార్చి దాటించే ప్రయత్నం వద్దు, లింక్ ఇవ్వండి.

స్మైమ్.పీ7ఎస్ అని ఒక ఫైల్ ఉంది. తెరుచుకోవట్లేదు.

తెరవాల్సిన పని లేదు. అది పంపిన వాళ్ల డిజిటల్ సంతకం. మీ ప్రోగ్రామ్‌కు సంతకాన్ని సరిచూడడం రాక, ఫైల్‌గా చూపిస్తోంది. మెయిల్ మామూలుగానే చదువుకోవచ్చు. చివర పీ7ఎం అని ఉంటే మాత్రం మెయిల్ మొత్తం దాని లోపలే ఉండొచ్చు, వేరే రకంగా పంపమని అడగండి.

ముఖ్యమైన మెయిల్ పంపేముందు ఎలా సరిచూసుకోవాలి?

సెంట్ ఫోల్డర్ చూసి నమ్మకండి. వేరే కంపెనీ మెయిల్‌లో మీకో అకౌంట్ పెట్టుకుని ముందు దానికి పంపుకోండి. కంప్యూటర్‌లో ఒకసారి, ఫోన్‌లో ఒకసారి, ఫోన్ డార్క్ మోడ్‌లో ఒకసారి తెరవండి. బ్యాక్‌గ్రౌండ్ లేని నల్ల లోగో డార్క్ మోడ్‌లో మాయమవడం అక్కడే తెలుస్తుంది. అటాచ్‌మెంట్‌ను ఊరికే చూడడం కాదు, డౌన్‌లోడ్ చేసి తెరవండి.

నాకు వచ్చిన ఫైల్ తెరుచుకోవట్లేదని పంపిన పెద్దవాళ్లకు చెప్పాలంటే ఇబ్బందిగా ఉంది. ఏమని రాయాలి?

"రావట్లేదు" అని ఒక్క ముక్కలో రాస్తే వాళ్లు అదే ఫైల్‌ను అదే పద్ధతిలో మళ్లీ పంపుతారు. ఏం వచ్చిందో, ఏం కావాలో రెండూ చెప్పండి. నేను ఇలా రాస్తుంటాను, కావాలంటే కాపీ చేసుకోండి:

"నమస్కారం అండీ. మీ మెయిల్ అందింది. అందులో పీడీఎఫ్ బదులు విన్‌మెయిల్.డాట్ అనే ఫైల్ కనిపిస్తోంది, సైజు 2 ఎంబీ. మీ అవుట్‌లుక్‌లో మెసేజ్ ఫార్మాట్ రిచ్ టెక్స్ట్‌లో ఉంటే ఇలా వస్తుంది. మెయిల్ రాసేటప్పుడు పైన ఫార్మాట్ టెక్స్ట్‌లో హెచ్‌టీఎంఎల్ ఎంచుకుని, పీడీఎఫ్‌ను మళ్లీ జతచేసి పంపగలరా? ఇప్పుడు నాకు కనిపిస్తున్నదాని స్క్రీన్‌షాట్ కింద పెట్టాను."